చీకటి ప్రభువు సృష్టికర్త కాగలడా?

(ధ్యానమునకు: యోబు 1, 2 అధ్యాయములు, యోహాను 1:1-14, కొలొస్సయి 1:15-17)



సెలవులకు ఇండ్లకు వచ్చిన మన కాలేజీ పిల్లలు ఈ మధ్య మమ్మును తరచుగా ఒక ప్రశ్న అడుగుచున్నారు. ఇంగ్లండు దేశపు పండితుడైన టోల్కీను వ్రాసిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ అను కథ 2001 మొదలు 2003 వరకు మూడు చలనచిత్రములుగా వెలువడెను. పిల్లలు వాటిని సెల్‌ఫోనులలో చూచుచున్నారు. అందులో సౌరోను అను చీకటి ప్రభువొకడు కలడు. వానికి పూర్వము వానికి యజమానుడై యుండిన మరియొక చీకటి ప్రభువు కలడనియు, వాడు ఇంచుమించు దేవునివంటి బలము గలవాడనియు కొందరు చదివి తెలిసికొనిరి. “అయ్యగారూ, వాడు మన బైబిలులోని సాతానేనా? దేవునికి ఎదురు నిలువగల చెడ్డ దేవుడొకడు ఉండవచ్చునా?” అని వారి ప్రశ్న.

ఇది పిల్లల ప్రశ్న అని త్రోసివేయుటకు వీలులేదు. ఏ కథయు చదువని మన అవ్వలును తాతలును ఇదే ప్రశ్నను వేరు మాటలతో అడుగుచున్నారు. పసిబిడ్డకు జ్వరము తగ్గకున్నప్పుడు, కోతకు వచ్చిన వరి తుపానులో నేలవ్రాలినప్పుడు, “దేవుడు గొప్పవాడే గాని, సాతాను కూడ తక్కువవాడు కాడు గదా” అని నిట్టూర్చువారిని మేము ఎరుగుదుము. మాట చిన్నదే. అయితే దీనిని నిజముగా నమ్మినవాని బ్రదుకంతయు మారిపోవును. ప్రభువులు ఇద్దరైనచో ఇద్దరికిని పన్ను కట్టవలసివచ్చును. ఆదివారము దేవుని మందిరములో కానుక వేసి, అమావాస్య రాత్రి మరియొకచోట కోడిని ఇచ్చుట ఈ నమ్మకమునుండియే పుట్టుచున్నది. కాబట్టి ఈ నెల ఈ సంగతిని కొంచెము విపులముగా విచారింతము.

గ్రంథకర్త ఎవరు?

జాన్ రోనాల్డ్ రూయెల్ టోల్కీను 1892వ సంవత్సరము జనవరి 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని బ్లూమ్‌ఫాంటెయిను పట్టణమున జన్మించెను. నాలుగేండ్ల ప్రాయమున తండ్రిని, పండ్రెండేండ్ల ప్రాయమున తల్లిని పోగొట్టుకొని, ఒక రోమను కతోలిక గురువు సంరక్షణలో పెరిగెను. 1916లో ఫ్రాన్సు దేశమున సొమ్ నదియొద్ద జరిగిన ఘోరయుద్ధములో సైనికుడుగా నుండెను. ఆ యుద్ధము మొదలైన జూలై 1వ తేదీ ఒక్క దినముననే బ్రిటిషు సైనికులు 19,000 మందికి పైగా చనిపోయిరి. అతని ప్రాణస్నేహితులలో ఇద్దరు ఆ సంవత్సరమే హతులైరి. అతడు కందకములలో పేలవలన వ్యాపించిన జ్వరము తగిలి ఇంగ్లండునకు పంపబడెను. ఆ జబ్బు దినములలోనే ఈ పురాణకథలను వ్రాయ నారంభించెను. తరువాత 1925 మొదలు 1959 వరకు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయములో ఆచార్యుడుగా నుండెను.

పిల్లలు చూచిన కథ గ్రంథముగా 1954-55 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడెను. అయితే దానికి పునాదియైన ‘సిల్మరిలియను’ అను పురాణమును ఆయన జీవితమంతయు దిద్దుచునే యుండి, పూర్తిచేయకయే 1973లో మరణించెను. కుమారుడైన క్రిస్టఫరు దానిని 1977లో అచ్చువేయించెను. మన ప్రశ్నకు సంబంధించిన చీకటి ప్రభువు చరిత్ర ముఖ్యముగా ఆ గ్రంథములో నున్నది.

ఒక సంగతిని ముందుగానే చెప్పవలెను. ఇది కథయే గాని లేఖనము కాదు. టోల్కీను కతోలికుడు, మనము ప్రొటెస్టంటులము. తన కథ బైబిలు సంగతులకు వేసిన ముసుగు కాదని ఆయనయే పలుమారులు చెప్పెను. అయినను, స్నేహితుల శవములను చూచివచ్చిన ఒక క్రైస్తవుడు, “కీడు ఎక్కడనుండి వచ్చెను? అది ఎంతవరకు పోగలదు?” అని జీవితకాలము ఆలోచించి వ్రాసినదానిలో మనము నేర్చుకొనదగినది కలదు.

ఆదియందలి సంగీతము

ఆ కథలో దేవుడు ఒక్కడే. ఆయన పేరు ఎరు. ఇలూవతారు అనియు పిలువబడును. ఆయన తన తలంపులోనుండి ఐనూరులు అను ఆత్మలను పుట్టించెను. వీరు మన దేవదూతలను పోలినవారు. ఆయన వారికి ఒక రాగమును వినిపించి, దానిని అనుసరించి అందరు కలిసి పాడవలెనని చెప్పెను. ఎవనికి ఇయ్యబడిన వరముచొప్పున వాడు ఆ పాటను అలంకరింపవచ్చును. ఆ ఆత్మలందరిలో మిక్కిలి బలవంతుడును జ్ఞానియునైనవాడు మెల్కోరు. మిగిలినవారికి ఒక్కొక్కటిగా పంచబడిన వరములన్నిటిలోను వానికి పాలు కలదు.

ఇన్ని ఉన్నను వానికి తృప్తి లేకపోయెను. తానే జీవము పుట్టింపవలెనని కోరెను. జీవమునకు మూలమైన ఆరని అగ్నిని వెదకుచు శూన్యములో ఒంటరిగా తిరిగెను. ఆ అగ్ని దేవునియొద్దనే యుండెను గనుక వానికి దొరకలేదు. ఆ ఒంటరితనములో, తక్కినవారికి లేని తలంపులు వానికి కలుగసాగెను. పాట మొదలైనప్పుడు వాడు తన సొంత రాగమును అందులో కలిపెను. ప్రక్కవారి గొంతులు తడబడెను. కొందరు మొదటి పాటను విడిచి వానితో గొంతు కలిపిరి.

దేవుడు వానిని వెంటనే నోరు మూయింపలేదు. రెండవ రాగమును ఎత్తెను. దానిమీదికిని మెల్కోరు లేచెను. మూడవ రాగమును ఎత్తెను. అది మొదట మెత్తగా, సన్నగా వినబడెను. అందులో లోతైన దుఃఖముండెను. దాని అందము ఆ దుఃఖమువలననే కలిగెను. మెల్కోరు పాట మాత్రము బిగ్గరగా, డంబముగా, ఏవో కొన్ని స్వరములనే మాటిమాటికి ఊదు బాకాలవలె నుండెను. అది తన గోలతో మూడవ రాగమును ముంచివేయజూచెను. అయితే దాని గొప్ప స్వరములనే ఆ రాగము తీసికొని తనలో నేసికొనెను. తుదకు దేవుడు పాటను ఆపి, ఏ స్వరమైనను తనయందు పుట్టనిదై యుండజాలదనియు, తనకు విరోధముగా పాడువాడు సైతము తుదకు తన పనికే సాధనమగుననియు మెల్కోరుతో చెప్పెను. అప్పుడు వాడు సిగ్గుపడెను. ఆ సిగ్గులోనుండి పశ్చాత్తాపము పుట్టవలసినది, కోపము పుట్టెను.

తరువాత ఆ పాటయే లోకమాయెను. మెల్కోరు లోకములోనికి దిగి, ఇదంతయు నాదే అనెను. లోకమునకు వెలుగునిచ్చు దీపములను కూలద్రోసెను. వెలుగునిచ్చు రెండు వృక్షములను చంపెను. ఫెయనోరు అను శిల్పి చేసిన మూడు రత్నములను, అతని తండ్రిని చంపి, దొంగిలెను. ఆ శిల్పియే వానికి మోర్గోతు, అనగా లోకమునకు నల్లని శత్రువు, అని పేరు పెట్టెను. ఇంత కథను చెప్పినది మూడు సంగతులను చూపుటకే.

మొదటి సంగతి: కీడు పుట్టింపజాలదు

మెల్కోరు ఎంత బలవంతుడైనను ఒక్క ప్రాణినైనను పుట్టింపలేకపోయెను. వాని సైన్యములోని ఓర్కులు అను వికృతరూపులు ఎక్కడనుండి వచ్చిరి? 1977లో అచ్చయిన గ్రంథము ప్రకారము, దేవుడు చేసిన ఎల్ఫులనే వాడు పట్టుకొని, చెరలో హింసించి, అట్లు చెరిపెనని జ్ఞానులు తలంచిరి. ఈ విషయమున గ్రంథకర్తకు చివరివరకు మనస్సు నెమ్మది పడలేదు. మాటలాడగల ప్రాణిని చీకటి ప్రభువు చేసెనందుమా, వాడు రెండవ దేవుడగును. అది ఆయన ఒప్పుకొనలేకపోయెను. కనుక ఆ ప్రాణుల పుట్టుకనుగూర్చి పలువిధములుగా వ్రాసి, కొట్టివేసి, మరల వ్రాసెను. కథకుడు తన కథలోనైనను సాతానుకు సృష్టికర్త కిరీటము పెట్టుటకు జంకెను.

ఈ తలంపు టోల్కీనుతో పుట్టినది కాదు. 354 మొదలు 430 వరకు జీవించిన అగస్టీను, హిప్పో పట్టణమున అధ్యక్షుడగుటకు పూర్వము, సుమారు తొమ్మిదేండ్లు మానీ మతమును అనుసరించెను. వెలుగు, చీకటి అను రెండు మూలశక్తులు ఆదినుండి పోరాడుచున్నవని ఆ మతము బోధించెను. అది దుఃఖములోనున్న మనుష్యునికి సులభముగా తోచు బోధ. తన పాపము తనది కాదు, చీకటిది అని చెప్పుకొనుటకును వీలైన బోధ. అగస్టీను దానిని విడిచి 387లో బాప్తిస్మము పొందెను. కీడునకు తనదంటూ ఒక ఉనికి లేదనియు, మేలు చెడిపోవుటయే కీడు అనియు ఆయన బోధించెను.

పల్లెవారికి ఇది తెలిసిన సంగతియే. తుప్పు కావలెనన్న ముందు ఇనుము ఉండవలెను. ఇనుము తుప్పు లేకుండ నుండగలదు. తుప్పు ఇనుము లేకుండ నుండజాలదు. చెదలు ఇల్లు కట్టిన దూలమును తినును గాని చెట్టును మొలిపింపలేదు. అబద్ధము సహితము నిజము యొక్క వేషము వేసికొననిదే ఒక గడియ నిలువజాలదు. యోహాను 8:44లో మన ప్రభువు అపవాదినిగూర్చి చెప్పినదానిని తీసి చదువుడి. అక్కడ వాడు అబద్ధమునకు తండ్రి అనబడెను.

కావున పిల్లలకు మా ప్రత్యుత్తరము ఇది: మెల్కోరు సాతానును పోలినవాడే, దేవుని పోలినవాడు కాడు. కీడు దేవునికి ఎదుటి గద్దెమీద కూర్చుండలేదు. దేవుడు చేసిన మంచిదానిమీద పట్టిన తుప్పువలె నున్నది.

రెండవ సంగతి: కీడు పెరిగినట్లు కనబడుచునే తరిగిపోవును

ఆదియందు మెల్కోరు అందరికంటె గొప్పవాడు. తనకిష్టమైన రూపము ధరింపగలవాడు. అయితే లోకమంతటిని తనదిగా చేసికొనవలెనని తన బలమును నేలలోను, రాళ్లలోను, తన దాసులలోను పోసెను. ఎవరిని ఏలవలెనన్నను వారిలో తన బలమును కొంత విడువవలసివచ్చెను. సౌరోను తన బలమును ఒక ఉంగరములో నిలిపెను. మెల్కోరుకు ఈ నేలయంతయు ఉంగరమాయెనని టోల్కీను తరువాతి వ్రాతలలో వివరించెను. అవి 1993లో ప్రచురింపబడెను. ఇట్లు వాడు తుదకు ఒకే రూపములో చిక్కుకొని, పాతాళపు కోటలో దాగియుండువాడాయెను. దొంగిలిన రత్నములు వాని చేతులను కాల్చెను; ఆ కాలిన గాయము మానలేదు. అయినను వాటిని తన ఇనుప కిరీటములో పెట్టుకొని, తలమోయలేని బరువును మోయుచు కూర్చుండెను.

ఫింగోల్ఫిను అను రాజు ఒంటరిగా ఆ కోట ద్వారమునకు వచ్చి వానిని పోరునకు పిలిచినప్పుడు, తన సేనాధిపతుల యెదుట సిగ్గునకు వెరచి మాత్రమే వాడు బయటికి వచ్చెను. లోకమును పాలింప దిగివచ్చిన ఆత్మలలో భయమెరిగినవాడు వాడొక్కడేనని కథ చెప్పుచున్నది. రాజు హతుడాయెను, గాని ఏడు గాయములు చేసి, వాని పాదమును నరికి చచ్చెను. వాడు అది మొదలు కుంటుచు నడిచెను.

ఇందులో గొప్ప సత్యము కలదు. ఇతరులను తన పిడికిట పెట్టుకొనవలెనని చూచువాడు ప్రతివానికిని తనలో కొంత ఇచ్చివేయుచునే యుండును. మన ఊళ్లలో ఈ మాదిరి మనుష్యులను చూడలేదా? అందరి భూమి పత్రములు తన పెట్టెలో దాచుకొన్నవాడు రాత్రి నిద్రపోలేడు. అందరిని భయపెట్టువాడు అందరికంటె ఎక్కువ భయపడును. చుట్టును మనుష్యులున్నను వానికి స్నేహితుడు లేడు.

సౌరోను మొదట చెడ్డవాడు కాడు అనుటయు గమనింపదగినది. వాడు క్రమమును ప్రేమించినవాడు. గందరగోళమును, వ్యర్థమును ద్వేషించినవాడు. అన్నిటిని చక్కబెట్టవలెననియే మొదలుపెట్టెను. తరువాత, చక్కబెట్టుటకు తన మాటయే నెగ్గవలెననెను. తుదకు, తన మాట నెగ్గుటయే చక్కదనమనెను. సంఘ పెద్దలమును కాపరులమునైన మనము ఈ మూడు మెట్లను జ్ఞాపకముంచుకొనవలెను. మొదటి మెట్టుమీద నిలిచినవాడు మంచి సేవకుడు. మూడవ మెట్టునకు దిగినవాడు తానింకను మొదటి మెట్టుమీదనే ఉన్నాననుకొనును.

మధ్యలో ఒక మంచి మాదిరి

అదే పురాణములో ఔలే అను మరియొక ఆత్మ కలడు. వాడును చేతిపనివాడే. దేవుని పిల్లలు లోకములోనికి వచ్చువరకు ఓర్చుకొనలేక, తనకు నేర్చుకొనువారు కావలెనని, కొండక్రింద రహస్యముగా మరుగుజ్జులను చేసెను. అది తప్పే. ఆ బొమ్మలకు సొంత జీవము లేదు. ఔలే తలంచినప్పుడు మాత్రమే కదలును. దేవుడు అడిగినప్పుడు ఔలే వాదింపలేదు. తండ్రి చేయుపనిని చూచి ఆటగా అనుకరించు పిల్లవానివలె తాను చేసితినని ఒప్పుకొని, ఏడ్చుచు, తాను చేసినవారిని నాశనము చేయుటకు సుత్తి ఎత్తెను. ఆ మరుగుజ్జులు భయపడి వెనుకకు ముడుచుకొనిరి. బొమ్మలు భయపడునా? ఔలే తనను తగ్గించుకొన్న ఆ గడియలోనే దేవుడు వారికి నిజమైన జీవము ననుగ్రహించెను.

మెల్కోరును ఔలేయును కోరినది ఒక్కటే. ఇద్దరును పుట్టింపవలెనని కోరిరి. ఒకడు తన పనిని పిడికిట బిగించుకొని అంతయు పోగొట్టుకొనెను. మరియొకడు దానిని చేతులు చాచి సమర్పించి తిరిగి పొందెను. మోరీయా పర్వతముమీద అబ్రాహాము కత్తి ఎత్తిన సంగతి మనకు జ్ఞాపకము రావలెను (ఆది. 22). క్రొత్తదానిని చేయగోరుట పాపము కాదు. ఇచ్చినవానిని మరచి, వరము నాదే అనుట పాపము.

మూడవ సంగతి: కీడు దేవుని చేతిని దాటిపోలేదు

పాట ముగిసిన పిమ్మట దేవుడు నీళ్లకు అధిపతియైన ఉల్మోకు ఒక దర్శనము చూపెను. మెల్కోరు నీటిని చెరుపుటకు మితిలేని చలిని పుట్టించెను. దానివలన మంచు రేకులు, గడ్డకట్టిన నీటి అందము కలిగెను. మితిలేని వేడిని పుట్టించెను. దానివలన ఆవిరి లేచి, మేఘములును వానయు కలిగెను. నీరు ఇంత అందముగా నుండునని నేననుకొనలేదని ఉల్మో సంతోషించెను.

మన తెలుగు నేలలో మంచు కురియదు గాని, రోహిణికార్తె యెండ మనకు తెలియును. రోళ్లు పగులు ఆ యెండ లేనిదే మృగశిరలో మేఘము లేవదని రైతుకు తెలియును. నేలను కాల్చిన వేడియే సముద్రమునుండి వానను ఎత్తుకొని వచ్చును.

యోబు గ్రంథము మొదటి రెండు అధ్యాయములు చదువుడి. సాతాను దేవునియొద్ద సెలవు పుచ్చుకొనవలసివచ్చెను. వానికి గీత గీయబడెను. ఆదికాండము 50వ అధ్యాయములో యోసేపు అన్నలతో పలికిన మాటను చదువుడి. అన్నల తలంపు ఒకటి, అదే పనిలో దేవుని తలంపు మరియొకటి. వారు అతనిని గోతిలో పడవేసిరి. దేవుడు ఆ గోతినుండి ఐగుప్తు ధాన్యపు కొట్లకు త్రోవ వేసెను.

ఒక కఠినమైన మాట

ఇక్కడ మేము నిలిచి ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఈ మూడవ సంగతిని చెప్పుట సులభము. చెప్పకూడనిచోట చెప్పుట ఇంకను సులభము. బిడ్డను పాతిపెట్టి వచ్చిన తల్లియొద్ద కూర్చుండి, “అంతయు మేలుకే అమ్మా” అని చెప్పువారిని మేము చూచితిమి. ఆ తల్లి ముఖమునుకూడ చూచితిమి. దేవుడు కీడును మేలుకు త్రిప్పగలడను మాట సత్యమే. అయితే దానివలన కీడు మేలైపోదు. మెల్కోరు చేసిన చలినుండి మంచు అందము వచ్చినను, చలిని పంపిన వాని ద్వేషము ద్వేషమే. దేవుని పనికి సాధనమైనంతమాత్రమున వాడు నీతిమంతుడని తీర్చబడలేదు. తుదకు వాని ఇనుప కిరీటమే వాని మెడకు పట్టీగా కొట్టబడి, వాడు లోకము వెలుపలి శూన్యములోనికి త్రోయబడెను. యోసేపు అన్నలు తమ పాపమునుబట్టి ఏడ్వవలసియే యుండెను.

మూడవ రాగము ఎట్లుండెనో మరల తలంచుకొనుడి. అది మెల్కోరు గోలకంటె పెద్ద గోల చేసి గెలువలేదు. దుఃఖమును తనలోనికి తీసికొని గెలిచెను. ఆ కథలో నియెన్నా అను ఆత్మ కలదు. ఆమె లోకములోని ప్రతి గాయము కొరకు ఏడ్చుటయే తన పనిగా గలది. వృక్షములు చచ్చినప్పుడు ఆమె కన్నీళ్లే వాటికంటిన విషపు మురికిని కడిగెను. లాజరు సమాధియొద్ద, అతనిని కొంచెము సేపటిలో లేపబోవుచున్న మన ప్రభువే ఏడ్చినట్లు యోహాను వ్రాసెను గదా. ఆయన ఏడ్చినచోట మనము వివరణలు ఇయ్య బూనుకొనుట తగదు. ఆ తల్లియొద్ద ఊరక కూర్చుండుడి. ఒక ముద్ద అన్నము తినిపించుడి. త్వరపడి అర్థము చెప్పకుడి.

కీడుయొక్క కుతంత్రము మరియొకటి కలదు. హూరిను అను వీరుని మోర్గోతు చెరపట్టి, కొండమీది రాతి ఆసనమున కూర్చుండబెట్టి, తన కన్నులతోనే లోకమును చూచునట్లు చేసెను. 28 ఏండ్లు ఆ మనుష్యుడు తన భార్యకు, బిడ్డలకు కలిగిన కష్టములనే చూచెను. వాడు చూచినవాటిలో చాల భాగము జరిగినవే. కాని మోర్గోతు మంచిని మరుగుచేసి చెడునే చూపెను. విడుదలయైన పిమ్మట హూరిను ఆ చూపుతోనే నడచి, స్నేహితులకు సహితము కీడు తెచ్చిపెట్టెను. దుఃఖములోనున్నవారు దీనిని గమనించుదురు గాక. నిరాశ మనకు చూపునది అబద్ధము కాకపోవచ్చును. కాని అది సగమే. సగమును అంతయు అని నమ్మించుటలోనే అపవాది అబద్ధమున్నది.

కథ ఆగిపోవుచోటు

టోల్కీను వ్రాతలలో ఫిన్రోదు అను ఎల్ఫు రాజునకును, ఆంద్రెతు అను జ్ఞానవతికిని జరిగిన ఒక సంభాషణ కలదు. అదియు 1993లోనే అచ్చయ్యెను. ఆంద్రెతు ముసలితనములో మరణభయముతో మాటలాడును. కీడు ఈ నేలయంతటిలోను ఇంకియున్నప్పుడు దానిని ఎవరు బాగుచేయగలరు? లోకములోనివాడెవడును చాలడు, మెల్కోరుకంటె గొప్పవాడు దేవుడొక్కడే. కావున ఆ దేవుడే ఒక దినమున లోకములోనికి దిగివచ్చి మనుష్యులను బాగుచేయునను పాత నిరీక్షణ కొందరు మనుష్యులలో నున్నదని ఆమె చెప్పును. చిత్తరువును గీసినవాడు ఆ చిత్తరువులోనికి ఎట్లు వచ్చును అని ఆమె సందేహము. ఆయన వచ్చినను వెలుపలకూడ ఉండగలడని ఫిన్రోదు తలంచును. కథ అక్కడ ఆగును. ఆ కథాకాలమునకు అంతకంటె ముందుకు పోవుటకు కథకుడు సాహసింపలేదు.

మనము అక్కడ ఆగనక్కరలేదు. యోహాను సువార్త మొదటి అధ్యాయము మన చేతిలో నున్నది. సమస్తమును చేసిన వాక్యము శరీరధారియై మన మధ్య నివసించెను. ఆయన చీకటి ప్రభువుకంటె పెద్ద కోట కట్టలేదు. పశువుల తొట్టిలో పండుకొనెను. సిలువమీద, కీడు చేయగలదంతయు చేసిన తరువాత, చేయుటకు దానికింకేమియు మిగులలేదు. మూడవ రాగములోని దుఃఖమును టోల్కీను ఎక్కడ నేర్చుకొనెనో, ప్రతి సంస్కారపు బల్లయొద్ద మోకరించు మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

మనము చేయవలసినది

ఒకటి, భయపడకుందము. సాతాను లేడని మేము చెప్పుటలేదు. వాడు గర్జించు సింహమువలె తిరుగుచున్నాడని పేతురు హెచ్చరించెను. కాని వాడు సృష్టింపబడినవాడు, గీత గీయబడినవాడు, తీర్పు పొందినవాడు. తాయెత్తులకును, కోడిబలులకును వానికి చెల్లింపవలసిన పన్ను ఏదియు లేదు.

రెండు, కీడును తెచ్చి నిరపరాధుల నెత్తిన పెట్టకుందము. చేతబడి చేసెననియు, బాణామతి చేసెననియు ముసలివారిని, విధవలను నిందించి, కొట్టి, ప్రాణము తీసిన సంగతులు మన తెలుగు పత్రికలలో అనేకమారులు వచ్చియున్నవి. అట్టి సమయమున ఆ గుంపులో ఒక్క క్రైస్తవుడైనను నిలిచియున్న యెడల, వాడు సాతానును ఎదిరించుచున్నాననుకొనుచు సాతాను పనినే చేయుచున్నాడు. జ్వరము వచ్చిన బిడ్డను ఆస్పత్రికి తీసికొనిపొండి. నిందింపబడిన అవ్వ గుమ్మమునొద్ద మీరు నిలుచుండుడి. అదియే నిజమైన ఆత్మీయ యుద్ధము.

మూడు, మన పాపమును సాతాను లెక్కలో వ్రాయకుందము. “సైతాను నన్ను పడవేసెను” అను మాట కూటములలో ఎంతయో వినుచున్నాము. వాడు పిలిచియుండవచ్చును, తలుపు తీసినది మన చెయ్యి. మెల్కోరు ప్రక్కన పాడుచు గొంతు మార్చుకొన్నవారు బలవంతము చేయబడలేదు. దగ్గరలో బిగ్గరగా వినబడుచుండెను గనుక దానికే సర్దుకొనిరి.

నాలుగు, మన గొంతును మన దేవుని పాటకు ఇయ్యవలెను. ప్రతి సంఘములోను మంచి గొంతు గలవారున్నారు, మాటకారులున్నారు, లెక్కలు తెలిసినవారున్నారు. ఎవని వరము ఎక్కువో వానికే మెల్కోరు శోధన ఎక్కువ. నా స్వరము ఒక్కటే వినబడవలెను అని మనస్సులో మెదలినప్పుడెల్ల, అంత గొప్ప గొంతు కొన్ని స్వరములు మాత్రమే ఊదు బాకాగా మిగిలిపోయిన సంగతిని తలంచుకొందము.

ప్రార్థన: సమస్తమును సృజించిన తండ్రీ, మాకిచ్చిన ప్రతి వరమును నీ చేతిలోనికి తిరిగి ఇచ్చు మనస్సు మాకు దయచేయుము. చీకటికి భయపడువారికి ధైర్యమును, దుఃఖించువారికి నీ తోడును, నిందింపబడువారికి కాపుదలను అనుగ్రహించుము. నీకు విరోధముగా ఎత్తిన మా గొంతును క్షమించి, నీ పాటలోనికి మరల చేర్చుకొనుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.